కదలని బాతు

ఆ సూదితోక బాతు ఎగరలేదు.

సగం కరిగిన మడుగు ఒడ్డున, కిందటేటి ఎండుగడ్డిలో కూర్చుని ఉందది. మిగతా బాతులన్నీ మనిషి అలికిడికే నీళ్లు చిమ్ముకుంటూ లేచిపోయాయి. ఇది మాత్రం మెడ కొంచెం పక్కకి వాల్చి ఉల్రిక్ వైపే చూసింది. అతను ఎత్తిన తుపాకి దించేశాడు. నాలుగడుగులు వేశాడు. అయినా కదల్లేదు. వంగి చేతుల్లోకి తీసుకుంటే ఒక్కసారి రెక్క విదిల్చి ఊరుకుంది.

దాన్ని ఎడమచేత్తో గుండెకి ఆనించుకుని, కుడిచేత్తో టోపీ తీసి, శిలువ గుర్తు వేసుకున్నాడు ఉల్రిక్.

"కుయానా," అని తమ భాషలో కృతజ్ఞత చెప్పాడు పక్షికి, మెల్లగా. "నా దగ్గరికి వచ్చినందుకు కుయానా."

తర్వాత, దానికి బాధ తెలిసేలోగా, అలవాటైన చేతితో మెడ తిప్పి పని ముగించాడు.

చిన్నప్పటినుంచీ అతను విన్నదీ, నమ్మిందీ ఒకటే. వేటగాడు పక్షిని పట్టుకోడు. మర్యాద తెలిసినవాడి దగ్గరికి, తెచ్చింది పంచిపెట్టేవాడి దగ్గరికి పక్షే వస్తుంది. చర్చిలో ఫాదర్ దేవుడిస్తాడంటాడు. ఊళ్లో పెద్దవాళ్లు పక్షే తనను తాను ఇచ్చుకుంటుందంటారు. ఆ రెండు మాటలకీ తేడా ఉందని ఉల్రిక్‌కి ఎప్పుడూ అనిపించలేదు.

గడ్డి చాటునుంచి బాస్కో లేచి నిలబడ్డాడు. ఉల్రిక్ మేనత్త కొడుకు. ఆ మంచుతీరపు యూపిక్ మనుషుల్లో మేనత్త, మేనమామల పిల్లలకి ఒకరినొకరు ఆడిపోసుకోవడం హక్కు మాత్రమే కాదు, బాధ్యత కూడా. బాస్కో ఆ బాధ్యతని ఒక్కపూట కూడా మరిచిపోయినవాడు కాదు.

"ఏం బావా! తూటా ఖర్చు లేకుండా బెర్రీ పండు కోసినట్టు కోసుకొచ్చావే!"

"ఆకాశానికి చిల్లులు పెట్టేవాడి దగ్గరికి ఎందుకొస్తాయిరా బామ్మర్దీ? పొద్దున నువ్వు కొట్టిన పెద్దబాతు ఏదీ? చూపించు."

బాస్కో నవ్వు కొంచెం తగ్గింది. పొద్దున అతను ఉక్కు గుళ్ల తూటాతో ఎత్తుగా పోతున్న గుంపుని కొట్టాడు. ఒక పెద్దబాతు కాలు వేలాడేసుకుని, గుంపులోంచి జారి, నది మీదుగా ఎగిరి అవతల పడింది. నదిమీది మంచు మెత్తబడిపోయింది, ఎవరూ దాటే వీలు లేదు. అది కనుమరుగయ్యేదాకా ఉల్రిక్ చూస్తూనే నిలబడ్డాడు.

"నీ ఉక్కు దాన్ని చంపనూ లేదు, వదలనూ లేదు," అన్నాడు ఇప్పుడు.

"నీ సీసపు తూటా మడుగు నిండా గుడ్లు పెడుతోందిగా, అది చాల్లే," అన్నాడు బాస్కో, మంచుబండి తాడు లాగుతూ. ఇంజను మోతలో మిగతాది వినపడలేదు.

ఊళ్లోకి వచ్చాక ఉల్రిక్ తన ఇంటి ముందు ఆగలేదు. వసంతంలో దొరికిన మొదటి పక్షులు ముందు ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లాలి. ఏటా మొదట వెళ్లేది అతని ఇంటినుంచే. ఎవరూ ఆ మాట పైకి అనరు గానీ, మే నెల రాగానే మంచుబండి చప్పుడయితే ముసలివాళ్లు కిటికీ తెర పక్కకి జరిపి చూస్తారు. ఆ తెరలు జరగడం ఉల్రిక్ చూడనట్టే చూసేవాడు.

ముందుగా వెళ్లింది పెర్పెటువా ఇంటికి. ఆమెకి ఎనభై దాటాయి. చూపు మసకేసి చాలాకాలమైంది. ఆమె తండ్రి చనిపోయిన చలికాలంలోనే పుట్టాడని ఉల్రిక్‌కి ఆయన పేరు పెట్టారు. పేరుతో పాటు మనిషీ తిరిగొస్తాడు కదా, అందుకని ఆమె అతన్ని "నాన్నా" అంటుంది. తనకంటే ఇరవై ఏళ్లు పెద్దదాన్ని అతను "అమ్మాయ్" అంటాడు.

"తిన్నావా అమ్మాయ్?"

"టీ తాగాను నాన్నా. కాళ్లు తడిశాయా? మేజోళ్లు మార్చుకో ముందు."

"మార్చుకుంటాలే. ఇదిగో, నీకేం తెచ్చానో చూడు." పొద్దున తను కొట్టిన రెండు పెద్దబాతులు గుమ్మం దగ్గర పెట్టి, సూదితోక బాతుని మాత్రం ఆమె ఒళ్లో ఉంచాడు. "దీన్ని కాల్చలేదు. దానంతటదే నా చేతుల్లోకి వచ్చింది. ఈ ఏటి మొదటి సూప్ దీనితోనే పెట్టుకో."

ఆమె అరచెయ్యి ఈకల మీదుగా మెల్లగా వెళ్లి, రొమ్ము దగ్గర ఆగింది.

"తేలిగ్గా ఉంది," అంది.

"ఎంత దూరం నుంచి ఎగిరొచ్చిందో పాపం."

"అవును," అంది పెర్పెటువా. చెయ్యి అక్కడే ఉంచుకుంది.

ఆ సాయంత్రం ఆవిరి స్నానపు గదిలో మగవాళ్లు నలుగురు చేరారు. తలెత్తితే కప్పు తగిలే గది అది. ఎర్రగా కాలిన రాళ్ల పక్కన బాస్కో పొడుగు గరిటె పట్టుకుని కూర్చున్నాడు. గరిటె ఎవరి చేతిలో ఉంటే మాట కూడా వాడిదే.

"బడిలో పక్షుల ఆఫీసు మనిషి చెప్పింది విన్నారా? పాత సీసపు తూటాల పెట్టె తెచ్చిస్తే ఉక్కు తూటాలు ఊరికే ఇస్తాడట. మా బావ మంచం కింద ఉన్నవన్నీ బయటికి తీస్తే ఆయన విమానం లేవదు." రాళ్ల మీద నీళ్లు పోశాడు. ఆవిరి బుస్సున లేచింది.

"ఆఫీసు మనిషి ఒక ఏడాది ఈకలు లెక్కపెడతాడు, ఇంకో ఏడాది గుడ్లు లెక్కపెడతాడు," అన్నాడు ఉల్రిక్ మొహం తుడుచుకుంటూ. "మా తాతకి వల అల్లడం నేర్పడానికి ఎవరొచ్చారు? ఉక్కు తేలిక. కాస్త దూరమైతే గుచ్చుతుంది తప్ప చంపదు. గాయపడి పోయిన పక్షి మిగతావాటి దగ్గరికెళ్లి మన గురించి ఏం చెబుతుంది? ఆ మనుషులకి మర్యాద లేదు, అటు వెళ్లకండి అని చెబుతుంది."

"సీసం మింగిన బాతు ఏం చెబుతుంది మరి?"

"బాతు సీసం ఎందుకు మింగుతుందిరా, ఇసక దొరక్కా?"

"ఇసకలో కలిసి ఉంటే ఏరి పక్కన పెడుతుందా? దానికి నీలాగా కళ్లజోడు ఉందా? పళ్లు లేని జీవం బావా. తిన్నది నలగాలంటే కందనకాయలో రాళ్లుండాలి. గుండ్రంగా కనిపించింది మింగుతుంది. పళ్లు లేనివాళ్లు మింగేముందు చూసుకోవాలి, నీకూ చెబుతున్నా."

మూలనున్న ఇద్దరూ పగలబడి నవ్వారు. ఉల్రిక్ కూడా నవ్వాడు, కానీ వదల్లేదు.

"మా నాన్న ఆ మడుగు దగ్గరే కాల్చాడు. వాళ్ల నాన్నా అక్కడే. పక్షులు రావడం మానాయా?"

"కళ్లజోడు బాతులు మానలేదా?"

గదిలో నవ్వు ఆగిపోయింది. చిన్నప్పుడు ఆ మడుగుల దగ్గర, కళ్ల చుట్టూ తెల్లటి వలయాలుండే ఆ బాతుల గూళ్ల మీద కాలు పడకుండా నడవడమే కష్టంగా ఉండేది. ఇప్పుడొక్కటి కనిపిస్తే రేడియోలో చెప్పుకుంటున్నారు.

"వాటికి సముద్రం మీద ఏమైందో ఎవరికి తెలుసు," అన్నాడు ఉల్రిక్. "నా పక్షులు నా దగ్గరికి వస్తూనే ఉన్నాయి. ఇవాళ ఒకటి తూటా కూడా అడగలేదు."

బాస్కో రాళ్ల మీద గరిటె నిండా నీళ్లు పోశాడు. ఎవరు ముందు బయటికి పారిపోతే వాళ్లు ఓడినట్టు. కాసేపటికి బాస్కోయే తలుపు తోసుకుని మంచులోకి దూకాడు.

"ఉక్కు కరిగిపోయిందిరోయ్!" అని వెనకనుంచి కేకేశాడు ఉల్రిక్.

మర్నాడు ఆదివారం. పూజ అయి ఇంటికి వచ్చి కోటు విప్పుతుంటే గోడమీద రేడియో కరకరలాడింది. ఊరంతా వినే రేడియో.

"నాన్నా, నాన్నా. ఒకసారి ఇంటికి రా." కాస్త ఆగి, "ఒక్కడివే రా," అంది పెర్పెటువా గొంతు.

"పొయ్యిలో నూనె అయిపోయిందేమో," అంది ఉల్రిక్ భార్య అగాథ.

పెర్పెటువా నేలమీద అట్టముక్క పరుచుకుని కూర్చుంది. ఈకలు పీకేసిన సూదితోక బాతు ఆమె ముందుంది, పక్కన నెలవంక కత్తి, ఒక సాసరు. పొయ్యి మీద గిన్నె లేదు.

"కూర్చో నాన్నా. వేలు ఇలా ఇవ్వు."

అతని చూపుడువేలు పట్టుకుని బాతు రొమ్ము ఎముక మీద నడిపించింది. రెండు పక్కలా ఉండాల్సిన కండ లేదు. ఎముక కత్తి అంచులా చర్మం కిందనుంచి తగిలింది.

"దూరం నుంచి వచ్చిందన్నావు. పెద్దబాతులూ దూరం నుంచే వచ్చాయి. అవి చూడు, కొవ్వుపట్టి ఉన్నాయి." సాసరు అతని వైపు జరిపింది. "ఇది దీని కందనకాయ. నాకు కనిపించదు. నువ్వు చూసి రంగు చెప్పు."

"పచ్చగా ఉంది," అన్నాడు ఉల్రిక్. లోపలి పొర అంతా పసరు పోసినట్టుంది. ఇసకలో ఏవో బూడిదరంగు బిళ్లలు. గుండ్రంగా ఉండాల్సినవి అరిగి పలచబడిపోయాయి. ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపాడు.

"నేను కొరికి చూశాను," అంది ఆమె. "మెత్తన. నాకు మిగిలిన పళ్లకి కూడా లొంగిపోయింది. చర్మమంతా తడిమాను నాన్నా, ఎక్కడా చిల్లు లేదు. నువ్వు కాల్చలేదన్నావు, నిజమే. ఇవి నోటినుంచి వెళ్లినవి."

ఉల్రిక్ ఆ బిళ్లని మళ్లీ సాసరులో పెట్టాడు.

"ఆ బాతు నీ దగ్గరికి రాలేదు నాన్నా. దానికి ఎక్కడికీ వెళ్లే ఓపిక లేదు."

ఆ మాట బాస్కో అని ఉంటే ఉల్రిక్ రెండు మాటలు ఎదురనేవాడు. ఇది ఎనభై ఏళ్ల కూతురు తండ్రితో అన్నమాట.

"నేను దాన్ని నీకు సూప్ పెట్టుకోమని ఇచ్చాను," అన్నాడు.

"ప్రేమతో ఇచ్చావు. నేను తినలేదుగా. దేవుడు కళ్లు తీసుకున్నా వేళ్లు ఉంచాడు, దానికి రోజూ దండం పెట్టుకుంటాను." అతని మోకాలి మీద చెయ్యి వేసింది. "రేడియోలో చెప్పలేదు. నీ మాట నలుగురిలో నలగకూడదని."

అతను ఆ బాతుని ఇంటికి తీసుకెళ్లలేదు, కుక్కలకీ వెయ్యలేదు. సాసరులోవి కూడా కలిపి చుట్టబెట్టి, చెత్త కాల్చే డబ్బా దగ్గరికి వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి, బిళ్లలు మాత్రం ఒక డబ్బాలో వేసి మూత పెట్టాడు. కాల్చినా అవి ఎక్కడికీ పోవని తోచింది.

ఆ మధ్యాహ్నం అగాథ బెర్రీలు కడిగే జల్లెడ తీసుకుని అతనితో మడుగు దగ్గరికి వచ్చింది. ఎందుకని అడగలేదు. ఉల్రిక్ ఎప్పుడూ కూర్చునే గడ్డి చాటుకి ఎదురుగా, ఒడ్డున నీళ్లలో చెయ్యి పెట్టాడు. మోచేతిదాకా కూడా మునగలేదు, గడ్డకట్టిన నేల తగిలింది. ఆ గట్టినేల దాటి ఏదీ కిందికి దిగదు. పడింది పడినచోటే ఉంటుంది.

దోసెడు బురద ఎత్తి జల్లెడలో కడిగాడు. సన్నటిదంతా కారిపోయింది. రాళ్ల మధ్య నల్లగా మూడు నాలుగు గుళ్లు మిగిలాయి. మళ్లీ ఎత్తాడు. మళ్లీ మిగిలాయి. వాటిలో తనవేవో, తండ్రివేవో, తాతవేవో తెలిసే గుర్తు లేదు. అందరూ కూర్చున్నది అక్కడే, అందరూ దండం పెట్టుకుని కాల్చింది అటువైపే.

ఇన్నేళ్లలో ఎగరకుండా చేతికి వచ్చిన పక్షులు అతనికి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ప్రతిదానికీ టోపీ తీశాడు. ప్రతిదాన్నీ తన మంచితనానికి దక్కిన గుర్తుగా తీసుకుని, ఎవరో ఒక ముసలివాళ్ల ఒళ్లో పెట్టాడు. దేవుడిచ్చినవేవో, తను పాడుచేసినవేవో ఇప్పుడెలా విడదీయడం? ఒకవేళ దేవుడు అప్పుడూ ఏదో చెబుతూనే ఉన్నాడేమో, తనే దాన్ని మెచ్చుకోలుగా విన్నాడేమో.

"మడుగంతా ఏరేస్తావా?" అంది అగాథ. అతని చేతులు ఎర్రగా కమిలిపోయాయి.

"ఏరలేను."

"అయితే ఇంక వెయ్యకు." జల్లెడ అతని చేతిలోంచి తీసుకుంది. "లే. వేళ్లు పోతాయి."

అక్కడినుంచి తిన్నగా బాస్కో ఇంటికి వెళ్లాడు ఉల్రిక్. తలుపు తట్టే అలవాటు ఆ ఊళ్లో లేదు. బాస్కో బల్లమీద తుపాకి విప్పి తుడుచుకుంటున్నాడు.

"ఒరేయ్, నీ తూటాలు కొన్ని ఇవ్వు. నావి ఆఫీసు మనిషికి అప్పగించేస్తున్నాను." సూదితోక బాతు సంగతంతా చెప్పాడు, కందనకాయ రంగుతో సహా. చెప్పి, బావమరిది నోటినుంచి రాబోయేదాని కోసం తల వంచుకుని నిలబడ్డాడు. ఈసారి ఎంతన్నా పడాలనే నిశ్చయించుకుని వచ్చాడు.

బాస్కో గుడ్డతో గొట్టాన్ని తుడిచినచోటే తుడిచాడు.

"పొద్దున పూజకి నేను రాలేదు, చూశావా బావా?"

"చూశాను. నిద్రలేవలేదనుకున్నా."

"నది అవతలికి వెళ్లే దారి వెతుక్కుంటూ పైదాకా పోయాను. ఆ పెద్దబాతు కోసం. దారి దొరకలేదు." గుడ్డ కింద పెట్టాడు. "నిన్నటిది ఒకటే కాదు. పోయినేడూ ఇంతే. ఉక్కు మంచిదని ఊరంతా అరిచాను గానీ, సగం పక్షుల్ని గాయాలు చేసి వదిలేశాను. నీకు చెబితే నవ్వుతావని చెప్పలేదు. దగ్గరికి రప్పించి కొట్టాలంటాడు ఆఫీసు మనిషి. ఎలా రప్పించాలో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. నా కూత వింటే పక్షులు ఎవరో చస్తున్నారనుకుంటాయి."

ఉల్రిక్ తలెత్తాడు. నవ్వు ఆపుకోవడం అతనివల్ల కాలేదు, బాస్కోవల్లా కాలేదు.

"కూత నేను కూస్తాలే," అన్నాడు ఉల్రిక్. "నువ్వు నోరు మూసుకుని పడుకోవడం నేర్చుకో. కష్టమే నీకు."

తెల్లారి ఇద్దరూ ఆ మడుగు వదిలేసి ఉప్పునేలల వైపు వెళ్లారు. మంచు గుంటలో తెల్లగుడ్డ కప్పుకుని వెల్లకిలా పడుకున్నారు. మొదటి గుంపు ఎత్తుగా వచ్చింది. పాతరోజుల్లో అయితే ఉల్రిక్ అందుకునే ఎత్తే. చెయ్యి తుపాకి మీదికి దానంతటదే వెళ్లింది.

"బావా," గుసగుసలాడాడు బాస్కో.

"పోనీ."

పోనిచ్చారు. రెండోదాన్నీ పోనిచ్చారు. మూడో గుంపు కనపడగానే ఉల్రిక్ అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని, గొంతు లోపలినుంచి పెద్దబాతుల నవ్వులాంటి కూత కూశాడు. ముందు గట్టిగా, అవి తల తిప్పగానే మెత్తగా, ఇంటికొచ్చినవాళ్లని కూర్చోమన్నట్టు. అవి ఒక చుట్టు తిరిగాయి. ఇంకో చుట్టు. రెక్కల గాలి మొహానికి తగిలేటంత కిందికి వచ్చాక, "ఇప్పుడు," అన్నాడు.

ఉల్రిక్‌కి రెండు, బాస్కోకి ఒకటి. మూడూ ఎక్కడివక్కడే పడ్డాయి, ఒక్కటీ రెక్క కొట్టుకోలేదు. బాస్కో తన బాతు దగ్గర చాలాసేపు మోకాళ్ల మీదే ఉండిపోయాడు.

ఆ తర్వాత గాలి మారింది, పక్షులు అటు రాలేదు. ఊళ్లోకి వచ్చేసరికి కిటికీ తెరలు జరిగాయి. ఎప్పుడూ బండి నిండా తెచ్చేవాడు రెండు పెద్దబాతులతో దిగాడు. ఒకటి, కాలు విరిగి మంచాన ఉన్న చర్చి గంట కొట్టే ముసలాయనకి ఇచ్చాడు. రెండోది పెర్పెటువా గుమ్మంలో పెట్టి, ఆమె పిలిచేలోగా వచ్చేశాడు. మిగతా ముసలివాళ్ల ఇళ్ల ముందునుంచి తలవంచుకుని నడిచాడు. వాళ్లకి ఇవ్వడానికి ఏమీ లేక అతని చేతులు ఖాళీగా ఉండటం అదే మొదటిసారి.

అగాథ ఎండుచేప విరిచి, సీల్ నూనె గిన్నె మధ్యలో పెట్టింది. ఇద్దరూ ప్రార్థన చేసుకున్నారు. ఉల్రిక్ చేప ముక్క చేతిలో పట్టుకుని కూర్చున్నాడు, తినలేదు.

బయట చెక్కబాట మీద ఆగి ఆగి అడుగుల చప్పుడు వినిపించింది. తలుపు తెరుచుకుంది. బాస్కో చెయ్యి పట్టుకుని పెర్పెటువా నిలబడి ఉంది. మంచు కరిగే రోజుల్లో ఆమె గడప దాటి ఎన్నేళ్లయిందో. బాస్కో రెండో చేతిలో గుడ్డ చుట్టిన గిన్నె ఉంది.

"దార్లో ఒక్క చుక్క ఒలికితే చంపుతానందమ్మా," అన్నాడతను అగాథతో. "నా బాతు ఎవరికిచ్చానో కూడా అడగలేదు. మీ వరసల్లో నేను గిన్నెలు మోసేవాణ్నే."

"మిగతా ఇద్దరు ముసలివాళ్ల ఇళ్లకీ బాస్కో బాతే వెళ్లింది," అంది పెర్పెటువా. "సగం సగం. కూర్చో నాన్నా. తిను."

"నీకిచ్చింది మళ్లీ నేను తినడమేంటి అమ్మాయ్? నువ్వు..."

"మా నాన్నకి పెట్టకుండా ఈ ఏటి మొదటి సూప్ నేనెలా తాగను?"

ఇవ్వడం ఉల్రిక్‌కి తెలుసు. నలభై వసంతాలుగా అదొక్కటే తెలుసు. చేతులు చాచి తీసుకోవడం మాత్రం కొత్తగా, బరువుగా ఉంది. గిన్నె అందుకున్నాడు. పైన కొవ్వు బంగారు చుక్కల్లా తేలుతోంది.

"కుయానా," అన్నాడు. ఈ రెండ్రోజుల్లో ఆ మాట అనడం ఇదే మొదటిసారి.

పెర్పెటువా అతని ఎదురుగా కూర్చుని, మొహం కొంచెం పక్కకి తిప్పి, చెవి ఇటు పెట్టింది. ఆమెకి కనిపించదు. అందుకని ఉల్రిక్, చిన్నపిల్లాడిలా, వీలైనంత చప్పుడు చేస్తూ తాగడం మొదలుపెట్టాడు.